ఇరవై తొమ్మిదో రోజు

నాకు మనుషుల ముఖాలు అంతగా గుర్తుండవు, చెప్పులు గుర్తుంటాయి. అరిగిన మోకాళ్ళకీ, విరిగి అతుక్కున్న కాళ్ళకీ మళ్ళీ నడక నేర్పడం నా ఉద్యోగం. ఫిజియోథెరపిస్టు అంటారు. ముప్ఫై ఏళ్ళుగా ఇదే పని. రోగి గదిలోకి రాగానే కుశలప్రశ్నల కంటే ముందు చెప్పులు విప్పించి, తిరగేసి చూస్తాను. మడమ ఏ పక్క అరిగిందో, వేళ్ళ దగ్గర ఎంత పల్చబడిందో చూస్తే మనిషి ఏ కాలిని నమ్ముతున్నాడో, ఏ కాలిని దాచుకుంటున్నాడో తెలిసిపోతుంది. నోరు అబద్ధమాడుతుంది గానీ చెప్పుల అడుగులు ఆడవు.

ఇన్ని గొప్పలు చెప్పుకునే నేను ఒక మనిషి ఇంట్లో నాలుగు వారాలు కళ్ళుండీ గుడ్డిదానిలా తిరిగాను. ఆ మనిషి గురించే రాద్దామని కూర్చున్నాను. మధ్యలో నా మీద నాకే ఒళ్ళు మండితే చదివేవాళ్ళు ఓర్చుకోవాలి.

అతను టైల్స్ మేస్త్రి. మా దగ్గరికి వచ్చేనాటికి నలభై ఏడేళ్ళు. పనివాళ్ళంతా 'రసమట్టం' అని పిలిచేవారు. రసమట్టం అంటే నేల సమంగా ఉందో వాలిందో తేల్చే బద్ద. మధ్యలో చిన్న గాజు గొట్టం, అందులో గాలి బుడగ ఉంటాయి. బుడగ నడిమికి వచ్చి నిలబడితే నేల సమంగా ఉన్నట్టు. ఆ బద్ద లేకుండా అతన్ని ఎవరూ చూడలేదు. టీ కొట్టు బెంచీ మీద కూర్చునే ముందు కూడా దాన్ని పెట్టి చూసి, బెంచీ కాలి కింద అట్టముక్క దోపి, అప్పుడు కూర్చునేవాడట. ఈ సంగతి అతనే చెప్పాడు. నవ్వకుండా చెప్పాడు.

పనిలో వంక పెట్టడానికి వీల్లేదు, ఇబ్బందల్లా నోటితోనే. ఎదుటి మేస్త్రి పరిచిన గోడ వంకరగా ఉంటే వంకరగా ఉందనేవాడు, అదీ ఇంటి యజమాని ముందే. నోరు మంచిదైతే ఊరు మంచిదంటారు. ఇతని నోటికి ఊరు మెల్లగా ఖాళీ అయింది. తోటి మేస్త్రీలు కలుపుకోవడం మానేశారు. సిమెంటు కలిపే మనిషి ఆరు నెలలకొకరు మారేవారు. చివరికి ఒంటికాయ శొంఠికొమ్ములా తనే కలుపుకుని, తనే మోసుకుని, తనే పరిచేవాడు. పెళ్ళి ఊసు ఏ దశలో ఆగిపోయిందో నాకు తెలియదు. అడిగితే "కుదరలేదు మేడం" అన్నాడు, ఎక్కడో ఒక టైల్ కుదరనట్టు.

టైల్స్ పరిచేవాళ్ళు ఒక మోకాలు నేలకి ఆనించి, రెండో పాదం మీద బరువు వేసి పని చేస్తారు. ఇతను పాతికేళ్ళకు పైగా ఎడమ మోకాలే ఆనించాడు. అది అంతంత మాత్రంగా ఉన్న రోజుల్లోనే, కడుతున్న ఇంటి మెట్ల మీద టైల్స్ పెట్టె భుజాన పెట్టుకుని దిగుతూ కాలు మెలిపడి పడ్డాడు. గోరుచుట్టు మీద రోకలిపోటు. మోకాలి లోపల ఎముక చివర నున్నటి పొర ఒకటి ఉంటుంది. డాక్టర్లు మృదులాస్థి అంటారు, జనం గుజ్జు అంటారు. ఆ గుజ్జులో బొటనవేలి గోరంత ముక్క ఊడిపోయి గుంట పడింది.

మోకాళ్ళు చూసే మా పెద్ద డాక్టరు ఎక్కువ మాట్లాడే మనిషి కాదు. ఇతనికి మాత్రం అరగంట కూర్చోబెట్టి చెప్పాడు. గుజ్జు చర్మంలాంటిది కాదు, తెగితే తనంతట తను పూడదు. మోకాలు మొత్తం మార్చేద్దామంటే వయసు చిన్నది, మార్చిన మోకాలితో నేల మీద మోకరిల్లి పని చెయ్యడం కుదరదు. ఇంకో దారి ఉంది. మోకాలికి సన్నటి రంధ్రం చేసి, బరువు పడని మూల నుంచి రెండు బియ్యపు గింజలంత గుజ్జు తీస్తారు. అందులోని కణాలని ల్యాబ్‌లో ఐదారు వారాలు పెంచుతారు. వేలల్లో ఉన్నవి లక్షలవుతాయి. అప్పుడు మోకాలు తెరిచి, ఆ కణాలని పల్చటి పొరతో సహా గుంటలో అతికిస్తారు. మనవే కాబట్టి ఒళ్ళు కాదనదు. ఏడాదికి కొత్త గుజ్జు గట్టిపడుతుంది. యాభై దాటినవాళ్ళకి మాత్రం మా ఆసుపత్రిలో ఈ చికిత్స చెయ్యరు.

అంతా విని అతను, "పాత ముక్కనే పెంచి గుంటలో అతికిస్తారన్నమాట. రంగు తేడా రాదు," అన్నాడు. పెద్ద డాక్టరు నవ్వడం ఆ రోజే చూశాను.

షరతు ఒకటే, కానీ కఠినమైనది. ఆపరేషన్ తర్వాత ఆరు వారాలు ఆ కాలి మీద బరువు మోపకూడదు. రెండు చంకల్లో కర్రలు ఉండాలి. రోజుకి ఆరు గంటలు కాలిని మంచం మీద యంత్రంలో పెట్టుకోవాలి. అది మెల్లగా మోకాలిని వంచుతూ చాస్తూ ఉంటుంది. అందుకని ఇంట్లో ఒక తోడు మనిషి ఉండి తీరాలి. దరఖాస్తులో దానికో గడి ఉంది. ఆ గడి నింపేది నేను.

"ఇంట్లో ఎవరుంటారు మేస్త్రి గారూ?"

"మా అక్క," అన్నాడు. తడుముకోలేదు. నేను రాసుకున్నాను.

కణాలు పెరిగే వారాల్లో తొడ కండ బలపరచడానికి అతను నా దగ్గరికి వచ్చేవాడు. వచ్చిన ప్రతిసారీ ముందు వాటి సంగతే అడిగేవాడు. అవి బాగున్నాయా, వాటికి తిండి ఎవరు పెడతారు, ఆదివారం కూడా పెడతారా అని. హాస్టల్లో పిల్లల్ని చేర్చినవాళ్ళు అడిగినట్టు ఉండేది. రెండు రోజులకోసారి పోషక ద్రవం మారుస్తారనీ, సెలవు రోజున కూడా ఒకరు వస్తారనీ చెప్తే కాస్త ఊరట చెందేవాడు. నేను ఆ ప్రశ్నలకి నవ్వుకుని మా గదిలో వాళ్ళకి చెప్పి వాళ్ళని కూడా నవ్వించాను. ఇప్పుడు నవ్వు రావడం లేదు.

ఆపరేషన్ బాగా జరిగింది. ఐదో రోజున ఇంటికి పంపారు. వారానికోసారి ఇంటికి వెళ్ళి చూసి రావడం నా వంతు.

అతని ఇల్లు ఒక పాత మేడ కింది అంతస్తులో ఉంది. ముందొక గది, వెనకొక గది, మూలగా వంటగది. అద్దె ఇల్లే అయినా నేలంతా తనే పరుచుకున్నాడు. అంత అందమైన నేల నేను పెద్ద పెద్ద ఇళ్ళలో కూడా చూడలేదు. లేత బూడిద రంగు, సందులు దారప్పోగంత సన్నగా, ఒక్కచోట కూడా ఎగుడుదిగుడు లేదు. ఆ నేల మీద గోళీ వదిలితే ఎటు పోవాలో తెలియక ఆగిపోతుంది. దాని మీద నడవడానికి మాత్రం అతనొక్కడే ఉన్నాడు.

మొదటిసారి వెళ్ళినప్పుడు గుమ్మం దగ్గర ఆడవాళ్ళ చెప్పుల జత ఉంది. కుర్చీ మీద ఊదారంగు శాలువా వేలాడుతోంది. గట్టు మీద రెండు కప్పులు బోర్లించి ఉన్నాయి. అక్క గారేరీ అంటే ఇప్పుడే బజారుకి వెళ్ళిందన్నాడు. నా కాగితంలో 'తోడు మనిషి ఉన్నారు' అన్న చోట టిక్కు పెట్టాను. రెండో వారం అక్క గుడికో బడికో ఎక్కడికో వెళ్ళింది, నాకు సరిగ్గా గుర్తు లేదు, ఎందుకంటే సరిగ్గా వినలేదు. మూడో వారం వెనక గది తలుపు మూసి ఉంది. తలనొప్పితో పడుకుందన్నాడు. పాపం లేపకండి అని గొంతు తగ్గించి మాట్లాడాను కూడా. ప్రతిసారీ టిక్కు పెట్టాను. ఆ పూట నేను ఇంకా నలుగురి ఇళ్ళకి తిరగాలి, మనిషి శుభ్రంగా ఉన్నాడు, కట్టు శుభ్రంగా ఉంది, యంత్రం నడుస్తోంది. అంతకంటే నాకేం కావాలి? కంటికి కనబడని అక్కని కాగితం మీద మూడుసార్లు చూశాను నేను.

నాలుగో వారం వెళ్ళినప్పుడు అతను, "ఇవాళ్టికి ఇరవై ఎనిమిది రోజులు మేడం," అన్నాడు. ఆ అంకెని ఒత్తి పలికాడు. నేను మోకాలు వంచి చూస్తూ, అవునవును, చాలా బాగా కుదురుకుంటోంది అన్నాను. వాపు లేదు, నొప్పి లేదు. అతని ముఖంలో ఏదో తేలిక కనిపించింది. రోగి సంతోషపడితే ఎవరికి చేదు, నేనూ సంతోషపడి వచ్చేశాను.

ఐదో వారం వాన. పని ముగించుకుని గుమ్మంలో నా బూట్లు తొడుక్కోవడానికి వంగాను. ఆ ఆడవాళ్ళ చెప్పులు పక్కనే ఉన్నాయి. వీధి అంతా బురదగా ఉంది, వాటి మీద మాత్రం చుక్క లేదు. పాడు అలవాటు కదా, చెయ్యి దానంతటదే వెళ్ళి ఒక చెప్పుని తిరగేసింది. అడుగున గీత కూడా లేదు. మడమ దగ్గర కొట్టువాళ్ళు అంటించిన చీటీ అలాగే ఉంది.

చెప్పు చేత్తో పట్టుకునే మళ్ళీ లోపలికి వెళ్ళాను. అతను మంచం మీద కూర్చుని ఉన్నాడు. నా చేతిలోది చూశాడు. వెనక గది తలుపు తోశాను. సిమెంటు బస్తాలు, టైల్స్ పెట్టెలు, గోడకి ఆనించిన పనిముట్లు ఉన్నాయి. మనిషి పడుకునే జాగా కాదు సరి కదా, పిల్లి పడుకునే జాగా కూడా లేదు.

కోపంతో కిటికీ దగ్గరి కుర్చీలో కూలబడ్డాను. అప్పుడు కిటికీ గట్టు మీద కప్పు అడుగుల గుర్తులు కనిపించాయి. ఒకదాని మీద ఒకటి, ఏడెనిమిది గోధుమరంగు వలయాలు. వాటి మీద వేలు పెట్టి చూశాను. రెండు చంకల్లో రెండు కర్రలున్న మనిషి ఏ చేత్తో కప్పు పట్టుకుంటాడు? వంటగది నుంచి ఈ కుర్చీ దాకా టీ ఎలా వచ్చింది?

"నడిచారా?" అన్నాను.

"పదకొండు అడుగులు. రోజుకి ఒక్కసారే."

"ఎన్నాళ్ళ నుంచి?"

"ఇరవై తొమ్మిదో రోజు నుంచి."

తర్వాత తీరిగ్గా, తప్పు చేసినవాడిలా కాక లెక్క చెప్పేవాడిలా వివరించాడు. సిమెంటు పోశాక ఇరవై ఎనిమిది రోజులకి పూర్తి బలం వస్తుంది. ఇది ఇళ్ళు కట్టేవాళ్ళందరికీ తెలిసిన లెక్క. మేము చెప్పిన ఆరు వారాలు జాగ్రత్త కోసం పెంచి చెప్పినవనుకున్నాడు. తను కూడా ఇంటివాళ్ళకి ఒక రోజు ఆగమనాల్సిన చోట మూడు రోజులని చెప్తాడట, లేకపోతే మాట వినరు కాబట్టి. ఇరవై ఎనిమిదో రోజున నన్ను అడిగాడు, నేను బాగా కుదురుకుందన్నాను. అయినా తొందరపడలేదు. టైల్ గట్టిపడిందో లేదో చూడటానికి వేలి కణుపుతో కొట్టి చూస్తారు, కింద ఖాళీ ఉంటే డొల్లగా మోగుతుంది. అలాగే మోకాలి చుట్టూ కొట్టి చూసుకున్నాడు. ఎక్కడా డొల్ల లేదు. లేచి నిలబడ్డాడు. నొప్పి లేదు. నడిచాడు. అప్పుడూ నొప్పి లేదు.

"గుజ్జులో నరాలుండవు మేస్త్రి గారూ. దానికి నొప్పి తెలీదు. ఊడిపోతున్నా చెప్పదు."

అతను వేలి కణుపు మోకాలి మీద ఆనించి, కొట్టకుండానే తీసేశాడు.

"నెల రోజులు పొయ్యి పక్కనే ఒంటికాలి మీద నిలబడి తాగాను మేడం," అన్నాడు. "కూర్చుని తాగాలనిపించింది. అంతే."

అక్క నిజంగానే ఉంది. ఆ వాన తగ్గేదాకా కూర్చుని ఆ కథ విన్నాను. అమ్మానాన్నలు పోయాక ఇద్దరూ ఒకే ఇంట్లో ఇరవై ఏళ్ళున్నారు. అతను పనికి వెళ్ళేవాడు, ఆవిడ ఒక బడిలో గుమాస్తాగా చేసేది. నలభై దాటాక ఆవిడని ఒక పెద్దమనిషి చేసుకుంటానన్నాడు. భార్య పోయినవాడు, నెమ్మదస్తుడు. మాట ఖాయం చేసుకోవడానికి తమ్ముడిగా ఇతను ఆ ఇంటికి వెళ్ళాడు. అందరూ కూర్చుని ఉన్నారు. ఇతను సంచీలోంచి రసమట్టం తీసి ముందు గది నేల మీద పెట్టి, బుడగ చూసి, "ఈ ఇల్లు ఒక పక్కకి దిగుతోంది, పునాది సరిగ్గా లేదు," అన్నాడు. మంచికే అన్నాడు. అక్క కూలే ఇంట్లోకి వెళ్ళకూడదని అన్నాడు. అక్కడున్నవాళ్ళకి అది ఇంటి గురించి అన్న మాటలా వినబడలేదు. పెళ్ళి ఆగలేదు గానీ అక్క ఆ ఊరు వెళ్ళిపోతూ, "నేను సుఖపడటం నీకు ఇష్టం లేదు," అంది. తొమ్మిదేళ్ళయింది. ఇల్లు ఇప్పటికీ కూలలేదని కూడా అతనే చెప్పాడు. ఎవరో పనివాళ్ళ ద్వారా కనుక్కుంటూ ఉంటాడట.

మూడో నెలలో స్కాన్ తీశారు. పెద్ద డాక్టరు బొమ్మని వెలుతురుకి ఎత్తి పట్టుకుని చూశాడు. అతికించిన పొర ఒక అంచున లేచిపోయింది. లోపలి కొత్త గుజ్జు సగానికి సగం కొట్టుకుపోయింది. ఎలా జరిగిందని అడిగాడు.

"స్నానాల గదిలో జారాను సార్," అన్నాడు రసమట్టం. నా వైపు చూడలేదు. నాలుగు వారాల కాగితాల మీద నా టిక్కులున్న సంగతి అతనికి తెలుసు. జీవితమంతా ఎదుటివాడి వంకర ఎత్తి చూపిన మనిషి, నా వంకర కప్పడానికి అబద్ధమాడాడు.

ఐదో వారం నుంచీ లోపలే దాచుకున్నదాన్ని నేను అప్పుడు నోరు విప్పి ఉన్నదున్నట్టు చెప్పాను. అందులో నా గొప్పేమీ లేదు, చెప్పకపోతే ఆ రాత్రి అన్నం దిగేది కాదు. పెద్ద డాక్టరు నన్ను తిట్టలేదు. కాగితాలు తన దగ్గర పెట్టుకుని, ఇక మీదట ఇంటింటికీ వెళ్ళే పని ఇంకొకరికి ఇస్తానన్నాడు. అది తిట్టు కంటే గట్టిగా తగిలింది.

అయితే దారి పూర్తిగా మూసుకుపోలేదు. ల్యాబ్‌లో మొదట పెంచిన కణాల్లో కొన్నిటిని గడ్డకట్టించి దాచి ఉంచారు. వాటిని మళ్ళీ పెంచి, ఇంకొక్కసారి అతికించవచ్చు. ఇంకొక్కసారే. ఈసారి తోడు మనిషి నిజంగా ఉండాలి, ఆ మనిషి వచ్చి సంతకం పెట్టాలి. ఎవరూ లేనివాళ్ళ కోసం ఊరి చివర విశ్రాంతి వార్డు ఒకటుంది. దానిలో ఉన్నవి ఎనిమిది మంచాలు, పేరు రాయించుకున్నవాళ్ళు నూటికి పైనే.

అతను సరేనంటే నేనే అక్కకి ఫోన్ చేస్తానన్నాను. అతను వద్దనలేదు, నోటికి వచ్చు కాబట్టి నంబరు చూడకుండానే చెప్పాడు. ఆవిడ గొంతు అచ్చం తమ్ముడిలాగే ఉంది, మాటకీ మాటకీ మధ్య ఖాళీతో సహా. సంగతంతా విన్నది. మధ్యలో ఒకసారి ముక్కు చీదిన శబ్దం వచ్చింది.

"వాడు అడగమన్నాడా?" అంది.

అబద్ధం చెప్పి ఉండాల్సింది. అప్పటికి నాకు అబద్ధాల మీద విరక్తి పుట్టి ఉంది. లేదండీ, నేనే చేశాను, అతను వద్దనలేదు, అంతే అన్నాను.

"అయితే వాణ్ణి ఒక్క మాట అడగమనండి. నేను పొద్దున బస్సుకి వస్తాను," అంది. "ఒక్క మాట. అంతకంటే ఏమీ వద్దు."

నేను ఎగిరి గంతేసినంత పని చేశాను. మర్నాడు అతను నా గదికి వచ్చాడు. ఎదురుగా కూర్చోబెట్టి, ఫోన్ కలిపి, అతని చేతిలో పెట్టబోయాను. అతను తీసుకోలేదు. ముందు ఎర్రబడ్డాడు, తర్వాత పాలిపోయాడు. అడగనిదే అమ్మయినా పెట్టదు మేస్త్రి గారూ అని బతిమాలాను. యాభై లోపు అవ్వాలి, ఆ మోకాలు లేకపోతే మీకు పని లేదు అని కసిరాను కూడా. అటు నుంచి ఆవిడ "చెప్పరా" అనడం నాకు కూడా వినబడింది. రెండుసార్లు అంది. అతని పెదాలు కదిలాయి. మాట రాలేదు. కాసేపటికి ఫోన్ దానంతటదే ఆగిపోయింది.

"రా అనొచ్చు కదా. ఒక్క మాట."

"వస్తుంది మేడం. వచ్చి నన్ను చూస్తుంది. చూసి జాలిపడుతుంది." కాస్త ఆగి, "ఆవిడ వెళ్ళేటప్పుడు నేను ఉండమని అడగలేదు. ఇప్పుడు ఏ మొహంతో అడగను?" అన్నాడు.

నాకు అతని మీద కోపం వచ్చింది. ఆ కోపం ఇప్పటికీ పూర్తిగా పోలేదు. ఒక్క మాట కోసం కాలిని వదులుకునే మనిషిని ఏమనాలి? పొగరనుకున్నాను. పొగరు కాదని తెలియడానికి నాకు ఎక్కువసేపు పట్టలేదు.

ఇక తర్వాత జరిగింది క్లుప్తంగా చెప్పేస్తాను. విశ్రాంతి వార్డు జాబితాలో అతని పేరు చేరింది. మొదటి ఏడాది మూడుసార్లు కనుక్కున్నాను. రెండో ఏడాది ఒకసారి. వంతు రాకముందే అతనికి యాభై నిండాయి. దాచిన కణాలని ఏం చెయ్యమంటారని ల్యాబ్ వాళ్ళు ఉత్తరం రాస్తే, తీసెయ్యమని సంతకం పెట్టి పంపాడట. ఇప్పుడు అతను నేల పని చెయ్యలేడు. గోడ పని చేస్తాడు, అదీ నడుము ఎత్తు నుంచి పైకి. కింది నాలుగు వరసలు ఇంకెవరో వేసి వెళ్ళాక, అతను వచ్చి నిలబడి మిగతావి వేస్తాడు. ఆ కింది వరసలు వంకరగా ఉన్నా ఇప్పుడు ఏమీ అనడని విన్నాను. ఆ మాట విన్న రోజు నేను ఇంటికి వచ్చి ఏడ్చాను.

ఇంతవరకు చెప్పని సంగతి ఒకటుంది. ఎవరూ అడగలేదు కాబట్టి చెప్పలేదు. నేనూ ఒక్కదాన్నే ఉంటాను. ఆసుపత్రికి రెండు వీధుల అవతల, కింది అంతస్తులో, రెండు పడక గదుల ఇల్లు. మా ఆయన పోయి పన్నెండేళ్ళు. రెండో గదిలో మంచం ఉంది, పరుపు ఉంది, నెలకోసారి తలుపు తీసి దుమ్ము దులిపి మళ్ళీ మూసేస్తాను. మోకాలు వంచే యంత్రం ఎలా నడపాలో ఈ ఊళ్ళో నాకు తెలిసినంత ఎవరికీ తెలియదు.

ఫోన్ ఆగిపోయాక కొత్త దరఖాస్తు ముందు పెట్టుకున్నాను. తోడు మనిషి గడి దగ్గరికి వచ్చి ఆగాను. ఆ గది గుర్తొచ్చింది. గుర్తు రాలేదని అంటే పచ్చి అబద్ధం. గది, కిటికీ, మంచం పక్కన బల్ల, అన్నీ కళ్ళకి కట్టాయి. ఆరు వారాలంటే ఎంత? నలుగురూ ఏమనుకుంటారో అన్న బెంగ కూడా లేదు, ఆ వయసు దాటేశాను. నా చేతులతో చెడగొట్టిన మోకాలు, బాగుచేసే వీలు కూడా నా చేతుల్లోనే ఉంది. మాట గొంతు దాకా వచ్చింది. ఒకవేళ వద్దంటాడేమో, లేక సరేనని వచ్చి ఆరు వారాల తర్వాత వెళ్ళిపోతే ఆ గది ఇంకెంత ఖాళీగా ఉంటుందో. ఏ భయమో విడదీసి చెప్పలేను. మాట అక్కడే ఆగింది. ఐదు నిమిషాల క్రితం అతని పెదాల మీద ఆగినట్టే.

"రాయండి మేడం, ఎవరూ లేరని," అన్నాడతను. "ఈసారి నిజమే రాద్దాం."

నేను ఆ గడిలో 'ఎవరూ లేరు' అని రాసి, సంతకం కోసం కాగితం అతని వైపు తిప్పాను.